జాగ్రత్త: ‘కళ్లెదుటే గానుగ’ కొబ్బరినూనె తలకు రాసుకునే ముందు తూకం వేయండి

పండగలకు కోనసీమ వచ్చి, తిరుగు ప్రయాణంలో ఆత్రేయపురం పూతరేకులతో పాటు రెండు లీటర్ల కొబ్బరినూనె కూడా కట్టించుకునేవాళ్లు ఇది చదవండి. కాకినాడ, అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం వెళ్లే 216 జాతీయ రహదారి పక్కన గానుగ తిప్పుతూ అమ్మే కొట్లలో నిజాయతీగా ఆడించేవాళ్లు ఉన్నారు. ముందు గానుగ తిప్పుతూ, వెనక డ్రమ్ములోంచి సీసాలు నింపేవాళ్లూ ఉన్నారు. బయటి నుంచి చూస్తే రెండు కొట్లూ ఒకేలా ఉంటాయి.

అలాంటి చోట కొన్న ఒక లీటరు సీసా సంగతి చెప్తాను. మీద ‘స్వచ్ఛమైన చెక్క గానుగ కొబ్బరినూనె’ అని ఉంది. ధర 240 రూపాయలు. మూత తీస్తే గుప్పున కొబ్బరి వాసన. అరలీటరు కొలతకు తూకం వేస్తే 434 గ్రాములు వచ్చింది. అసలు కొబ్బరినూనె అయితే ఆ కొలతకు 458 నుంచి 460 రావాలి. ఫ్రిజ్‌లో పెడితే అడుగున తెల్లటి నలక దిగి, పైన సగం సీసా తేటగా అలాగే ఉండిపోయింది. ఆ తేట లిక్విడ్ పారాఫిన్. పెట్రోలియం నుంచి తీసే ఈ నూనెకు రంగూ రుచీ వాసనా ఉండవు, కాబట్టి కొబ్బరి ఎసెన్సు కలిపితే పట్టుకోవడం కష్టం. ఆ తూకాన్ని బట్టి చూస్తే సీసాలో సగానికి పైగా అదే.

తూకం పరీక్షకు ఒక గ్రాము వరకు చూపించే వంటింటి డిజిటల్ త్రాసు చాలు. ఖాళీ గాజు సీసాను త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. సరిగ్గా 500 గ్రాముల నీళ్లు పోసి, నీటి మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. నీళ్లు పారబోసి, సీసాను ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. లోపల తడి ఉంటే లెక్క తప్పుతుంది. తర్వాత అదే గీత వరకు నూనె పోసి తూచండి. కొబ్బరినూనె, పప్పునూనె (నువ్వుల నూనె) 457–460 మధ్య ఉంటాయి. ఆముదం 477–480. తేలిక రకం పారాఫిన్ 410–430 దగ్గరే ఆగిపోతుంది. మన ఉక్కలో గది వేడి 28–32 డిగ్రీలు ఉంటుంది కాబట్టి ఈ అంకెలు ఆ వేడికి చెప్పినవి. గడ్డకట్టిన నూనెను కరిగించి, గది వేడికి వచ్చాకే తూచాలి.

ఈ పరీక్షకు పామోలిన్ దొరకదు. దాని బరువు కొబ్బరినూనెకు బాగా దగ్గర. దాన్ని పట్టుకోవడానికి ఫ్రిజ్ ఉంది. చిన్న గాజు గ్లాసులో నూనె పోసి, కింది అరలో రెండు గంటలు ఉంచండి. కొబ్బరినూనె 24–25 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది కాబట్టి, ఫ్రిజ్‌లో మైనపు ముద్దలా తెల్లగా గట్టిపడాలి, చెంచా గుచ్చితే దిగకూడదు. పామోలిన్ కలిసి ఉంటే పసుపు చాయతో మెత్తగా, చెంచాకు జావగా వస్తుంది. పామ్ గింజల నూనె మాత్రం కొబ్బరినూనెలాగే గడ్డ కడుతుంది, తూకంలోనూ తేడా చూపదు. దానికి ల్యాబే దిక్కు. ఫ్రిజ్‌లో గడ్డకట్టింది కాబట్టి స్వచ్ఛమే అని వాట్సాప్‌లో తిరిగే మాటను అందుకే పూర్తిగా నమ్మకండి. గడ్డకట్టకపోతే మోసమని తేలుతుంది, అంతవరకే.

త్రాసు తీయకముందే ధర చాలావరకు చెప్పేస్తుంది. బాగా ఎండిన కొబ్బరి కిలో ఆడిస్తే 550 నుంచి 620 గ్రాముల నూనె వస్తుంది. అంటే కిలో నూనెకు కిలోన్నర పైనే, దాదాపు 1.65 కిలోల కొబ్బరి కావాలి. 2025 సీజనుకు కేంద్రం మిల్లింగ్ కొబ్బరికి, అంటే నూనె తీసే ఎండుకొబ్బరికి, ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 11,582 రూపాయలు. ఆ లెక్కన కొబ్బరి ఖర్చే కిలో నూనెకు 190 దాటుతుంది. బయటి ధర ఆ ఏడాది దానికి చాలా పైనే నడిచింది. ఆడించే కూలి, సీసా, కొట్టు అద్దె ఇంకా కలపలేదు. పిప్పి అమ్మితే వచ్చేది ఆడించే కూలికి సరిపోతే గొప్ప. మీరు కొనే రోజున కోనసీమలోని అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ఎండుకొబ్బరి కిలో ఎంతుందో అడిగి, 1.65తో గుణించుకోండి. అమ్మేవాడు చెప్పిన కిలో ధర అంతకన్నా తక్కువైతే, అది కొబ్బరితో తీసిన నూనె కాదు. బేరమాడాల్సిన పని కూడా లేదు, నడిచిపోండి.

ఇంకో చిన్న చేతివాటం ఉంది. బోర్డు మీద ధర కిలోకు రాస్తారు, చేతిలో పెట్టేది లీటరు. లీటరు నూనె తూగేది 918 గ్రాముల దగ్గర. అక్కడే ఎనభై గ్రాములు పోయాయి.

గానుగ తిరుగుతోంది కదా అని మోసపోకండి. మామూలు కరెంటు చెక్క గానుగలో వాయికి పది పదిహేను కిలోల కొబ్బరి పడుతుంది, గంట అటూ ఇటూ పడుతుంది. రోజంతా తిప్పినా యాభై అరవై కిలోల నూనె వస్తే ఎక్కువ. ఒక్క గానుగ పెట్టుకుని అర వరసల నిండా సీసాలు పేర్చి, ఆటోలకు లోడ్లు ఎత్తుతున్నాడంటే మిగతాది ఎక్కడిదో అడగాలి. పైగా అప్పుడే దిగిన నూనె బురదగా, మబ్బుగా ఉంటుంది. మూడు నాలుగు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగి పైన తేరుతుంది. ‘ఇప్పుడే ఆడించాం సార్’ అంటూ అద్దంలా మెరిసే సీసా ఇచ్చాడంటే అది ఇప్పటి నూనె కాదు, బహుశా ఆ గానుగదీ కాదు.

వీటన్నిటికన్నా మంచి దారి, కొబ్బరి మీరే కొని ఆడించుకోవడం. చిప్పను విరిస్తే ఫట్‌మని విరగాలి. వంగి సాగిందంటే తడి ఉంది. తడి కొబ్బరికి నల్లబూజు, పచ్చబూజు పడుతుంది, దాని నూనె నెల తిరగకుండా కనరు వాసన కొడుతుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల రోజుల్లో ఎండ దొరక్క కొబ్బరిని పొగ మీద ఆరబెడతారు. తెల్లగా కనబడాలని గంధకం పొగ పట్టించేవాళ్లూ ఉన్నారు. మరీ పాలలా తెల్లగా మెరిసే చిప్పలు చూస్తే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. పది కిలోలకు ఆరు కిలోల దాకా నూనె లెక్కేసుకుని, తడి లేని స్టీలు క్యాన్ తీసుకెళ్లండి. మీ కొబ్బరి వేసే ముందు గానుగలో పాత వాయి నూనె తుడిపించండి. ఇంటికి తెచ్చాక నాలుగు రోజులు తేరనిచ్చి, పల్చటి నూలుగుడ్డలో వడగట్టి, ఒక పూట ఎండ చూపించి మూత పెట్టండి.

ఇక ఏ నూనె దేనికి పనికొస్తుందనే విషయం. 2003లో జర్నల్ ఆఫ్ కాస్మెటిక్ సైన్స్‌లో రేలే, మొహిలే అనే పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ (పారాఫిన్ ఈ రకమే) మూడింటినీ వెంట్రుకల మీద పోల్చారు. తలంటినప్పుడు వెంట్రుక నుంచి ప్రోటీన్ పోవడాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో సగం దాకా ఉండే లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దిగుతుంది. పారాఫిన్ పైపైనే పూతలా నిలిచి మెరుపు ఇస్తుంది. అంటే కల్తీ సీసాలో మీరు దేనికి డబ్బు కట్టారో సరిగ్గా అదే లేదు. తలంటుకు గంట ముందు రెండు టీస్పూన్లు వెంట్రుకల పొడవునా పట్టిస్తే చాలు. మాడుకు జిడ్డు చుండ్రు ఉన్నవాళ్లు మాడు మీద ఏ నూనే పోయకండి, చుండ్రు పెంచే ఫంగస్‌కు అది తిండి.

పారాఫిన్ విషం కాదు, ఆ మాట కూడా చెప్పాలి. హెయిర్ ఆయిల్ అని లేబుల్ వేసి, పదార్థాల్లో లైట్ లిక్విడ్ పారాఫిన్ అని రాసి అమ్మితే అది చట్టబద్ధమే. బాదం, ఉల్లి అని పేరున్న సీసాల్లో చాలావాటికి మొదటి పేరు అదే ఉంటుంది, తిప్పి చదవండి. గొడవంతా కొబ్బరినూనె అని చెప్పి ఇవ్వడంలోనే. మన ఇళ్లలో తలకూ, పిల్లల ఒంటికీ, ఒక్కోసారి వంటకీ ఒకే సీసా వాడతారు.

పప్పునూనె విషయానికొస్తే, కిలో నువ్వులకు గానుగలో 400–450 గ్రాములకు మించి రాదు. ధర లెక్క దీనికీ అదే. దీపారాధన నూనె మాత్రం చవకగా వచ్చిందని తలకు వాడకండి. ‘తినడానికి కాదు’ అని సీసా మీదే ఉంటుంది, లోపల ఏ నూనెల మిశ్రమమో చాలాసార్లు ఉండదు.

ఆముదంలో మోసం పేరుతోనే మొదలవుతుంది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను తీసి, తడి ఇగిరేదాకా మళ్లీ కాచితే వంటాముదం. ముదురు రంగు, కాస్త పొగ వాసన ఉంటాయి. రంగు కలిపిన మిల్లు ఆముదాన్నే ఆ పేరుతో రెట్టింపు ధరకు అంటగడుతున్నారు. తలకైతే మందుల షాపులో ఐ.పి. (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణం) అని ముద్ర ఉన్న సీసా చాలు, చవక కూడా. ఒక వంతు ఆముదానికి మూడు వంతుల కొబ్బరినూనె కలపండి. చిక్కటి ఆముదం పొడవాటి జుట్టుకు పట్టించి గుండ్రంగా రుద్దితే జుట్టు ఉండకట్టి విడదీయలేని స్థితి వస్తుంది. ఆముదం రాసుకున్నాక జుట్టు ఇలా ఉండకట్టిన కేసును 2017లో చర్మవైద్యులు ప్రచురించారు, చివరికి కత్తిరించాల్సి వచ్చింది. ఆముదంతో బట్టతల మీద జుట్టు మొలుస్తుందనడానికి ఆధారం లేదు.

గుంటగలగరాకు, మందారం వేసి కాచిన పచ్చ నూనెల్లో రెండు చూడండి. ఒత్తిని అందులో ముంచి వెలిగిస్తే చిటపటలాడిందంటే ఆకు రసం తడి పూర్తిగా ఇగరలేదు, బూజు పడుతుంది. నోట్లు చూసే యూవీ లైటు చీకట్లో వేస్తే ఆకు పచ్చదనం ఎర్రగా మెరుస్తుంది. మామూలు రంగు పొడి అలా మెరవదు.

మోసపోయామని తేలితే సీసాను సగం దగ్గరే ఆపి సీలు వేసి ఉంచండి, బిల్లు పారేయకండి. తినే నూనె అని అమ్మితే కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు లేబుల్ మీద ఉండాలి. ఫిర్యాదుకు 1800112100, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లోని 40వ సెక్షన్ కింద కొన్నవాళ్లే నమూనాను పరీక్షకు పంపవచ్చు, కాకపోతే పరీక్ష చేయిస్తామని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. ముందు ఫీజు మీరు కట్టాలి, కల్తీ అని తేలితే అది వెనక్కి ఇస్తారు.