నిక్షయ్ పోషణ్ వెయ్యి రూపాయలు: టీబీ రోగి కంచంలోకి ఎంత చేరుతోంది?

టీబీ మందులు వాడేవారికి తిండి ఖర్చు కోసం కేంద్రం ఇచ్చే సాయం నిక్షయ్ పోషణ్ యోజన. 2018 ఏప్రిల్‌లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబర్ నుంచి 1000 అయింది. ఆరు నెలల వైద్యానికి మొత్తం 6000. జబ్బు తేలగానే ముందస్తుగా 3000, మందులు 84 రోజులు వాడాక మిగతా 3000. మొత్తం పెంచడం కన్నా, సగం ముందే ఇవ్వడం పెద్ద మేలు. మొదటి రెండు నెలలే ప్రాణానికి కీలకం కాబట్టి.

ఇందుకు గట్టి ఆధారం జార్ఖండ్ అధ్యయనం. 2019–2022 మధ్య డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవల బృందం, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ కలిసి 2800 మంది ఊపిరితిత్తుల టీబీ రోగులకు మందులతో పాటు నెలకు పది కిలోల సరుకులు ఇచ్చారు. 5 కిలోల బియ్యం, 3 కిలోల సత్తు పిండి (వేయించిన శెనగల పిండి), కిలోన్నర పాలపొడి, అర కిలో నూనె. పైన విటమిన్ మాత్రలు. రోజు లెక్కన 1200 కేలరీలు, 52 గ్రాముల ప్రొటీను. రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవారికి మరణ ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. జబ్బు లొంగుతున్నా బరువు పెరుగుతుంది కాబట్టి ఘనతంతా తిండిదే అనలేం. కానీ ఇంట్లోవాళ్ల సంగతి అలా కాదు. ఇంట్లోవాళ్లకూ సరుకులు అందిన కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం, రోగికి మాత్రమే అందిన కుటుంబాలతో పోలిస్తే 39 శాతం తగ్గింది. అది తిండి పనే.

ఇక మన వెయ్యి. రోజుకు 33 రూపాయలు. రేషన్ బియ్యం అందుతున్న ఇంట్లో ఇందులో బియ్యానికి పైసా పెట్టనక్కర్లేదు. రెండు గుడ్లు, గుప్పెడు పుట్నాలు (50 గ్రాములు), 30 గ్రాముల వేరుశెనగలు, 50 గ్రాముల కందిపప్పు కలిపితే దాదాపు 40 గ్రాముల ప్రొటీను. ఇప్పటి ధరల్లో 33 రూపాయలు ఇక్కడికే సరి. పావు లీటరు పాలు, రెండు చెంచాల నూనె, 100 గ్రాముల అదనపు బియ్యం చేరితేనే జార్ఖండ్ మోతాదు వస్తుంది. పాలు, నూనె ఖర్చు మాత్రం ఇంటి మీదే పడుతుంది. సత్తు దొరకలేదని బెంగ వద్దు, పుట్నాల పొడి దాదాపు అదే సరుకు. మొదటి వారాల్లో ఆకలి ఉండదు, వికారం ఉంటుంది. పూట భోజనం పెంచితే వాంతి అవుతుంది. అందుకే రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి, జావలో పుట్నాల పొడీ చెంచా నూనో కలపాలి.

ఈ డబ్బుతో ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనడం తప్పు. చాలా డబ్బాల్లో చక్కెర ఎక్కువ, ధరకు తగ్గ ప్రొటీను ఉండదు. షుగర్ ఉన్న టీబీ రోగికైతే అది మరీ చేటు.

డబ్బు ఎక్కడ ఆగుతుంది? టీబీ రోగులను నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో పేరు ఎక్కకపోతే ఏమీ రాదు. ప్రైవేటు వైద్యంలో ఉన్నవారు ఇక్కడే జారిపోతారు, డాక్టరు నమోదు చేశారా అని మొదటి రోజే అడిగి నిక్షయ్ ఐడీ రాయించుకోవాలి. ఖాతాకు ఆధార్ జోడించి ఉండకపోయినా, వాడక ఖాతా నిద్రాణమైనా సొమ్ము రాదు. రెండు వారాల్లో పడకపోతే టీబీ యూనిట్‌లో అడగండి, లేదా 1800116666కు ఫోన్ చేయండి. బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 18.5 కన్నా తక్కువ ఉన్నవారికి మొదటి రెండు నెలలు అదనపు పోషకాహారం ఇవ్వాలన్న నిర్ణయం కూడా ఉంది. అదీ అడిగి తీసుకోవాలి.

ఈ పథకం తీర్చలేని అవసరం ఒకటుంది. బాగా చిక్కిపోయినవారికి చేతిలో డబ్బు పెట్టి ఇంటికి పంపితే చాలదు. తమిళనాడు 2022 నుంచి జబ్బు తేలిన రోజే కొన్ని సంగతులు చూస్తోంది: బీఎంఐ 14 లేదా అంతకన్నా తక్కువ, 16 లోపు ఉండి రెండు కాళ్ల వాపు, నిమిషానికి 24 దాటిన ఊపిరి, 94 శాతం కన్నా తగ్గిన ఆక్సిజన్, ఆసరా లేకుండా నిలబడలేకపోవడం. ఏ ఒక్కటున్నా ఆసుపత్రిలో చేర్చుకోవాలి. అలాంటివారికి ఇంట్లో ప్రేమకొద్దీ ఒక్కసారిగా బాగా తినిపిస్తే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, రక్త పరీక్షలు చూస్తూ రోజురోజుకూ పెంచాలి. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి పీహెచ్‌సీలోనూ ఈ ఐదూ చూడటం మొదలైతే వెయ్యికి విలువ రెట్టింపవుతుంది.

కావలసింది తూకం యంత్రం, ఎత్తు కొలిచే టేపు, వేలికి పెట్టే ఆక్సీమీటరు. 160 సెంటీమీటర్ల ఎత్తు, 40 కిలోల బరువున్న మనిషి బీఎంఐ 15.6. రెండు నెలల్లో అతను కనీసం 42కి చేరాలి. నెలనెలా బరువు తూచి కార్డు మీద రాయమని పట్టుబట్టండి. పెరగకపోతే మందులు సరిగా వేసుకుంటున్నారా, షుగర్ ఉందా, మందులకు లొంగని టీబీయా అని చూడాలి. పెరిగినా డాక్టరుకు చెప్పాలి, మాత్రల లెక్క బరువును బట్టి మారుతుంది: 35 నుంచి 49 కిలోల వరకు రోజుకు మూడు మాత్రలు, 50 చేరితే నాలుగు.