మిస్సోరి ఒడ్డున ప్రాంగ్‌హార్న్ టూర్: వెళ్లొచ్చాక నా రివ్యూ

సెప్టెంబర్ మూడో వారంలో సౌత్ డకోటాలో రెండు రోజుల గైడెడ్ టూర్‌కి వెళ్లొచ్చాం. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల పాప, ఇండియా నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అమ్మ. అమెరికా పడమటి ప్రాంతాల్ని అన్వేషించడానికి వెళ్లిన లూయిస్, క్లార్క్ బృందం 1804లో ప్రాంగ్‌హార్న్‌లను (జింకలాంటి, చాలా వేగంగా పరుగెత్తే జంతువులు) వేటాడిన, వాటి గురించి రాసుకున్న ప్రాంతాలు చూపించి, ఆ జంతువుని కూడా చూపిస్తామని వాళ్ల ప్రకటన. అటువైపు వెళ్లే మనవాళ్లలో చాలామంది మౌంట్ రష్‌మోర్ చూసి, బ్యాడ్‌లాండ్స్‌లో ఫొటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు కాబట్టి, ఈ టూర్ గురించి తెలుగులో ఎవరో ఒకరు రాయాలనిపించింది. నా రేటింగ్ 5కి 4. ఆ నాలుగూ గైడ్‌వే, పోయిన ఒక్కటి కంపెనీది.

టూర్ చాంబర్లేన్‌లో మొదలైంది. ఐ-90 హైవే పక్కన లూయిస్, క్లార్క్ సమాచార కేంద్రం ఉంది, వాళ్లు ప్రయాణించిన కీల్‌బోట్ నమూనా కూడా అక్కడే పెట్టారు. మా గైడ్ రిటైరైన సైన్స్ టీచర్, డెబ్బైకి దగ్గర్లో ఉంటారు. పడవ దగ్గర పది నిమిషాల్లో ముగించేసి, వ్యాన్‌లో మిస్సోరి నది దాటించి ఓకోమా వైపు తీసుకెళ్లారు. ఇప్పుడక్కడ పారే నది కనపడదు, ఫోర్ట్ రాండాల్ డ్యామ్ వెనక నిలిచిన నీళ్లే. ఒడ్డున గుట్టలు, గడ్డి మాత్రం అలాగే ఉన్నాయి.

ఒక ప్రైవేటు రాంచ్‌లోకి, అంటే పశువుల్ని మేపే పెద్ద పొలంలోకి (అనుమతి వాళ్లే తీసుకున్నారు) వెళ్లగానే ఆయన బైనాక్యులర్స్ ఇచ్చి ఒక మిట్ట చూపించారు. పైన తొమ్మిది ఆడవి, ఒక మగది. సెప్టెంబర్ వీటికి జతకట్టే కాలం, అందుకే ఆ మగది మంద చుట్టూ తిరుగుతూ కాపలా కాస్తోంది. "మిమ్మల్ని చూడకుండా ఎంత దగ్గరికి వెళ్లగలరో వెళ్లండి" అన్నారంతే. అమ్మ వ్యాన్ దగ్గర ఉండిపోయింది. మేం అయిదుగురం, అంటే మా ముగ్గురితో పాటు టూర్‌లో ఉన్న ఇంకో జంట, ఒక వాగు లోతులోంచి నడుం వంచి, మోకాళ్ల మీద పాకి, ఇరవై నిమిషాలు తంటాలు పడి మిట్ట పైకి తల ఎత్తి చూస్తే అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. పాప ముందు చూసింది. ఎక్కడో అవతలి గుట్ట మీద పది తెల్లటి చుక్కలు. అవి వాటి వెనక భాగాలు. బెదిరితే అక్కడి తెల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, మిగతా మందకి అదే హెచ్చరిక.

మేం రొప్పుతూ నిలబడ్డాక అప్పుడు తీశారు ఆయన జేబులోంచి కాగితం. 1804 సెప్టెంబర్ 17న ఇదే ప్రాంతంలో లూయిస్ రాసుకున్న పేజీ. ఆ రోజు లూయిస్ ఆడ ప్రాంగ్‌హార్న్ కోసం వేటకి బయల్దేరాడు. ఏడు కనిపించాయి. మగది చుట్టూ తిరుగుతూ కాపలా కాస్తోంది. చాటుచాటుగా పాకి దగ్గరికి వెళ్లేసరికి అవి వాసన పట్టి మాయమయ్యాయి. పరుగున వెళ్లి మిట్టెక్కి చూస్తే దాదాపు మూడు మైళ్ల అవతల ఉన్నాయట. ముందు ఇవి అవేనా అని అనుమానం వచ్చిందని, ఆ వేగం నాలుగు కాళ్ల జంతువు పరుగులా లేదని, పక్షులు ఎగిరిపోయినట్టుందని రాసుకున్నాడు. మంచి జాతి గుర్రానికి తీసిపోదని కూడా అన్నాడు. ఇదంతా ముందే చదివి వినిపించి ఉంటే నేను తలూపి ఊరుకునేవాణ్ణి. మోచేతులు గీరుకుపోయాక వినడంతో, రెండు వందల ఏళ్ల కిందటి ఆ మనిషి ఊపిరి తీసుకోవడం నాకు పక్కనే వినిపించినట్టైంది.

పేరు కథ కూడా బాగా చెప్పారు. దీన్ని చూసిన మొదటివాళ్లు లూయిస్, క్లార్క్ కాదు. అక్కడి తెగలకి ఎప్పట్నుంచో తెలుసు, స్పానిష్ వాళ్లూ ముందే చూశారు. అయితే 1804 సెప్టెంబర్ 14న క్లార్క్ ఒక మగదాన్ని వేటాడి కొమ్ము, కన్ను, రంగు వివరంగా రాశాడు. వాళ్ల రాతల్లో దీని పేరు "మేక". పడవలు తోసే ఫ్రెంచ్ వాళ్లు "కబ్రి" అనేవారు, అదీ మేకే. ఆఫ్రికాలోని గజెల్ అనే జింకకి దగ్గరగా ఉందని కూడా క్లార్క్‌కి అనిపించింది. 1815లో జార్జ్ ఆర్డ్ అనే జంతు శాస్త్రజ్ఞుడు శాస్త్రీయ నామం పెట్టాడు, 1818లో దాన్ని ఆంటిలోకాప్రా అనే ప్రజాతిలో చేర్చాడు. నిజానికి ఇది మేకా కాదు, యాంటిలోపూ కాదు. ఆ కుటుంబంలో మిగిలిన ఒకే ఒక్క జంతువు, బతికున్నవాటిలో దగ్గరి చుట్టాలు జిరాఫీ, దాని జాతికే చెందిన ఆఫ్రికా అడవి జంతువు ఒకాపి.

ఆయన ఒక కొమ్ము తొడుగు మా చేతికిచ్చారు. లోపల ఎముక ఉంటుంది, పైన గోరులాంటి తొడుగు, అది ఏటా ఊడి మళ్లీ వస్తుంది. ఇలా కొమ్ము తొడుగుని ఏటా వదిలేది ఇదొక్కటే. పట్టుకుంటే ఎంత తేలికో! పాప దాన్ని చాలాసేపు వదల్లేదు.

రెండో రోజు పొద్దున కంచె దగ్గర జరిగింది మాత్రం నేను మర్చిపోలేను. ఇవి దూకడం కన్నా కింద నుంచి దూరడానికే చూస్తాయి. అందుకే ఆ రాంచ్ యజమాని కింది తీగకి ముళ్లు లేకుండా, కాస్త ఎత్తుగా కట్టించారు. పక్క పొలంలో పాత కంచెకి వెంట్రుకల కుచ్చు ఇరుక్కుని ఉంది. ఒక వెంట్రుక విరిస్తే ఎండు గడ్డిపరకలా టప్పున విరిగింది, లోపలంతా గాలి గదులే, చలికి అదే రక్షణ. మేం అది చూస్తుంటే అమ్మ భుజం మీది తెల్ల శాలువా గాలికి ఎగిరింది. దూరంగా ఉన్న మగది ఆగి చూసింది. నాలుగడుగులు ఇటు వేసింది, మళ్లీ ఆగింది, మళ్లీ వచ్చింది. అలా ఎనభై అడుగుల దూరం దాకా వచ్చేసింది! పక్కకి తిరిగినప్పుడు ఆ నల్లటి పెద్ద కన్ను స్పష్టంగా కనిపించింది. గైడ్ మమ్మల్ని కదలొద్దని సైగ చేశారు. లూయిస్, క్లార్క్ వేటగాళ్లు ఈ బలహీనతనే వాడుకున్నారట, నేల మీద పడుకుని టోపీనో, కాలో పైకెత్తితే ఇది ఏమిటా అని దగ్గరికి వచ్చేది. అంత వేగం ఉండీ చివరికి కుతూహలం వల్ల దొరికిపోవడం వింటే నాకు బాధేసింది.

వేగం వల్ల దొరక్కుండా పోయిన సంఘటన కూడా చెప్పారు. 1805 ఆగస్టులో షోషోనీ తెగ వేటగాళ్లు గుర్రాల మీద పది ప్రాంగ్‌హార్న్‌లని దాదాపు రెండు గంటలు తరిమారు, ఒక్కటీ చిక్కలేదు, గుర్రాలు మాత్రం నురగలు కక్కాయి. అదే జంతువు నీళ్లలో దిగితే గతి వేరు. 1804 అక్టోబర్‌లో నది దాటుతున్న మందని అరికర తెగ కుర్రాళ్లు ఈదుకుంటూ వెళ్లి కర్రలతో కొట్టి చంపారు, ఒడ్డున 58 కళేబరాలు క్లార్క్ లెక్కపెట్టాడు. ఇది విని పాప మొహం చిన్నబోయింది. గైడ్ దాచలేదు, అది వాళ్ల చలికాలం తిండి అని మామూలుగా వివరించారు. తర్వాత 1900 తొలినాళ్లకి తుపాకులు, కంచెలు వచ్చి ఈ జంతువులు కొన్ని వేలకి పడిపోయాయనీ, వేట నియంత్రణ వల్ల మళ్లీ లక్షలకి చేరాయనీ చెప్పారు.

అమ్మది నందికొట్కూరు వైపు. రోళ్లపాడు కృష్ణజింకల్ని చిన్నప్పట్నుంచీ చూసింది, శనగ చేలో పడి మేసేసిన సంగతులూ తెలుసు. "ఒరేయ్, ఇది మన కృష్ణజింక లాగే చూస్తోందిరా, కొమ్మే మెలి తిరగలేదు" అంది. అది గైడ్‌కి ఇంగ్లీషులో చెబితే చాలా సంతోషించారు. మన దగ్గర చిరుతపులిలాంటి చీతాలు గత శతాబ్దంలోనే మాయమైనా కృష్ణజింక ఇంకా అలాగే దూకుతోంది, ఇక్కడ అమెరికన్ చీతా అంతరించి వేల ఏళ్లైనా ఇది గంటకి 88 కిలోమీటర్ల దాకా పరుగెత్తుతోంది, ఆ వేగం అప్పటి వేటమృగాల నుంచి మిగిలిందేనని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం అన్నారు.

ఇక కంపెనీ మీద నా ఫిర్యాదు. ఆరుగురికి మూడే బైనాక్యులర్స్, అందులో ఒకదాని లెన్స్ లోపల తేమ పట్టింది. రెండో రోజు మధ్యాహ్నం కస్టర్ స్టేట్ పార్క్‌లో 18 మైళ్ల వైల్డ్‌లైఫ్ లూప్ (జంతువుల్ని చూస్తూ వెళ్లే రోడ్డు) ఉంటుందని రాశారు గానీ, దారిలో ఒక గిఫ్ట్ షాప్ దగ్గర గంటన్నర ఆపేసరికి సగం లూప్ కాగానే చీకటి పడింది. గైడ్‌కి అది ఇష్టం లేదని మొహంలోనే తెలిసింది. అడిగితే షెడ్యూల్ ఆఫీసు వాళ్లదే అన్నారు. పొద్దున్నే లూప్ పెట్టి, షాప్ తీసేస్తే అయిదు స్టార్లు ఇచ్చేవాణ్ణి. ఈ మాటే వాళ్లకి మెయిల్ కూడా చేశాను, ఇంకా జవాబు లేదు.

మనవాళ్లకి ఒకటి రెండు మాటలు. శాకాహారం దాదాపు దొరకదు, పులిహోర, చపాతీ కట్టుకెళ్లండి. సెప్టెంబర్‌లో కూడా గాలి కోసేస్తుంది, పెద్దవాళ్లకి శాలువా తప్పనిసరి. సొంత బైనాక్యులర్స్ పట్టుకెళ్లండి. మే చివర్లో, జూన్‌లో పిల్లలు పుడతాయి, ఎక్కువగా కవలలే. మేం వచ్చే జూన్‌కి మళ్లీ వెళ్దామనుకుంటున్నాం, ఆ పెద్దాయనే గైడ్‌గా వస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని మరీ బుక్ చేస్తాను.