మధ్యకు మడిచే తుపాకి: పొలం ఇంట్లో ఇన్నేళ్ల వాడకం

నా దగ్గరున్నది 12 బోర్ డబుల్ బ్యారెల్. ఎంత దూరం పోతుంది, ఎంత బరువు, గొట్టం ఎంత పొడవు అనేవి తుపాకుల అంగట్లో ఎవరైనా చెబుతారు. వాటి జోలికి పోను. దాంట్లో నాకు ప్రాణమైన సంగతి ఒకటుంది, అది మధ్యకు మడుచుకోవడం. పైనున్న మీట పక్కకు నెడితే గొట్టాలు ముందుకు వాలిపోతాయి, రెండు రంధ్రాలూ ఎదురుగా కనిపిస్తాయి. తూటా ఉందో లేదో నా మాట మీద నమ్మాల్సిన పని ఎవరికీ లేదు. ఇంటావిడ చూడొచ్చు, కోతకొచ్చిన కూలీలు చూడొచ్చు, బడికి పోయే పిలకాయలు చూడొచ్చు. ఇంట్లో పదిమంది తిరిగే చోట తుపాకి ఉంచుకోవాలంటే ఇంతకు మించిన సుగుణం ఇంకోటి ఉందని నేను అనుకోను.

మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి దాటి సీతారామపురం పోయే వైపు, వెలికొండల కింద. ఊళ్లో కాదు, పొలంలోనే ఇల్లు. వేరుశనగ, కంది, సజ్జ వేస్తాం, కాస్త బత్తాయి తోట ఉంది. రాత్రిపూట ఏదైనా జరిగితే ఊళ్లోంచి మనిషి రావాలన్నా, స్టేషన్ నుంచి జీపు రావాలన్నా టైం పడుతుంది. అందుకే నాయన ఆ రోజుల్లో లైసెన్సు తీసుకున్నాడు. ఆయనకు డెబ్బై దాటాక నా పేరు మీదకు మార్చుకున్నాం. 2016 ఆయుధ నియమాల్లో దానికి దారి ఉంది. లైసెన్సున్న మనిషికి 70 ఏళ్లు నిండినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, వారసుడు తన పేరున అడగొచ్చు. పోలీసు విచారణ, శిక్షణ కాగితం, కలెక్టరాఫీసు చుట్టూ తిరగడం అందరికీ ఉండేవే.

కావలిలో ఉన్న మా బావ ఎప్పుడొచ్చినా ఒకటే పాట. ‘ఆ పొడుగు కర్ర ఎందుకు బావా, రివాల్వర్‌కు పెట్టుకో. దిండు కింద ఉంటుంది.’ నాకు భయం వేసేది ఆ దిండు కింద అనే మాటకే. చేతిలో ఇమిడే ఆయుధం లోపల ఏముందో పక్కన నిలబడిన మనిషికి తెలియదు. గొట్టం కింది పట్టును వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించే పంప్ యాక్షన్ తుపాకి కూడా నేను పట్టుకుని చూశాను. మంచి తుపాకే, కాదనను. కానీ తూటాలు కింది గొట్టంలో దాక్కుంటాయి. ఒకటి తీశాక ఇంకోటి లేదని లెక్క పెట్టుకుని, వేలు పెట్టి చూసుకోవాలి. మాది అలా కాదు. నాయన నాకు మొదట నేర్పింది గురి పెట్టడం కాదు, మడవడం. మడవకుండా తుపాకి గడప దాటకూడదు, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, గట్టు ఎక్కకూడదు, కంచె దూరకూడదు. పొలం గట్ల మీద మడిచిన తుపాకి చేతిమీద వేసుకుని నడుస్తుంటే ఎదురొచ్చే మనిషి బెదరకుండా పలకరించేవాడు. మడిచిన తుపాకి ఖాళీ తుపాకితో సమానమని చాలామందికి చెప్పాను కూడా.

ఆ మాటకు ఇప్పుడు ఇంకొంత కలిపి చెప్పాలి.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను వచ్చింది. బాపట్ల దగ్గర తీరం దాటేలోపు జిల్లా అంతా నానిపోయింది. మా మెట్ట ప్రాంతంలో కూడా ముసురు పట్టి వదల్లేదు. ఆ రాత్రి కరెంటు లేదు. మోటారు షెడ్డు వైపు చూస్తూ కుక్క ఒకటే అరుపు. చుట్టుపక్కల చేలల్లో అప్పటికే స్టార్టర్లు, రాగి తీగ పోతున్నాయి, కాబట్టి ఏ నక్కో వచ్చిందిలే అని పడుకోలేం. బీరువా తీసి తుపాకి పట్టుకుని వసారాలోకి వచ్చి మడిచాను. తూటాల పెట్టెలో ఉన్నవి పాతకాలపు అట్ట తూటాలు. కుడి గొట్టంలోకి ఒకటి సాఫీగా దిగింది. ఎడమ గొట్టంలోది ముప్పాతిక పోయి ఆగింది. బొటనవేలితో నొక్కితే ఇంకొంచెం దిగింది, వెనక ఇత్తడి అంచు మాత్రం బయటే ఉండిపోయింది. గొట్టాలు పైకెత్తితే తుపాకి మూతపడదు. సరే తీసేద్దామంటే రాదు. తూటాను కింద నుంచి ఎగదోసే చిన్న ముక్క ఉంటుంది, ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. దాని అంచు అరిగిపోయి ఉంది. పట్టినట్టే పట్టి జారిపోయింది. గోళ్లతో లాగాను, చేతులు తడి, పట్టు దొరకలేదు.

అట్ట చెమ్మ పీల్చి ఉబ్బింది. చూస్తే తేడా తెలీదు. తూటాకూ గొట్టానికీ మధ్య ఉండే సందు ఎంత సన్నమంటే ఆ కొంచెం ఉబ్బే చాలు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానల్లో బీరువాలో మడతపెట్టిన బట్టలే చెమ్మగిలుతాయి. అట్టకు ఎంతసేపు?

మూయలేను, ఖాళీ చేయలేను. కుడిదాన్ని తీసి జేబులో వేసుకున్నాను. ఎడమదాంట్లో పేలని తూటా అలాగే ఉంది. తుపాకి చూస్తే మడిచే ఉంది, నేను అందరికీ చూపించి నమ్మకం కలిగించే తీరులోనే ఉంది. చీకట్లో నా వెనక నిలబడ్డ ఇంటావిడ ‘మడిచావు కదా, ఇంక లోపలికి రా’ అంది. ఆమెకు ఆ అలవాటు నేర్పింది నేనే. లోపల తూటా ఇరుక్కుందని చెప్పి, గొట్టాల మూతి వాన కురిసే ఖాళీ జాగా వైపే ఉంచి, అందరినీ వెనక గదిలోకి పొమ్మన్నాను.

ఇక ఆ రాత్రి జరిగిన పనంతా తుపాకితో కాదు. తమ్ముడు ట్రాక్టరు స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు షెడ్డు వైపు తిప్పాడు. ఇంటావిడ ఫోన్ చేస్తే పక్క చేలో ఉండే పెదనాయన కొడుకు బ్యాటరీ లైటు పట్టుకుని అరుచుకుంటూ వచ్చాడు. వాగు వైపు మనుషులు పరిగెత్తిన చప్పుడు వినపడింది. పోయి చూస్తే స్టార్టరు పెట్టె మూత ఊడదీసి ఉంది, లోపలి సామాను ఉంది.

వాళ్లు పోయాక నాకు అసలు టెన్షన్ మొదలైంది. తెల్లారి సానుభూతితో వచ్చిన ఒకాయన, గొట్టం ముందువైపు నుంచి కర్ర పెట్టి పొడిస్తే తూటా వెనక్కి వచ్చేస్తుందన్నాడు. మన వైపు చాలామంది ఇదే చెబుతారు కాబట్టి గట్టిగా రాస్తున్నాను, ఆ పని ఎవరూ చేయొద్దు. గొట్టం ముందు నిలబడి లోపలున్న పేలని తూటాను పొడవడం అది. నేను గొట్టాల కింది చెక్క ఊడదీసి గొట్టాలను మిగతా తుపాకి నుంచి వేరు చేశాను. ఇట్లా విడదీస్తే తూటాను కొట్టే సూది ఉన్న భాగం వేరైపోతుంది. గొట్టాలు బీరువాలో ఒక తాళం కింద, చెక్క భాగం ఇంకో తాళం కింద పెట్టాను. దారులు తేరుకున్నాక లైసెన్సు పుస్తకంతో నెల్లూరు పోయి, లైసెన్సున్న రిపేరు మనిషికి ముందే విషయం చెప్పి అప్పగించాను. ఆయన సన్నటి పనిముట్టు అంచు కింద దూర్చి నిదానంగా లాగేశాడు. ఎక్స్‌ట్రాక్టర్ కూడా బాగుచేసి ఇచ్చాడు. ఇప్పటిదాకా మళ్లీ జారలేదు.

ఆ తర్వాత అట్ట తూటాలు ఇంట్లో ఉంచలేదు, ప్లాస్టిక్‌వే తెచ్చుకుంటున్నాను. వాన రోజుల్లో అవి ఉబ్బవు. మడిచి చూపించే అలవాటు పోలేదు గానీ దానికి ఇంకొకటి చేరింది. మడిచాక రెండు గొట్టాల్లోంచీ అవతలి వెలుతురు కనపడాలి, అప్పుడే ఖాళీ. రాత్రయితే టార్చి వేసి చూస్తాం. పిలకాయలకూ ఇట్లాగే చెప్పాం.

ఇంటి కాపలా సంగతి కూడా ఉన్నదున్నట్టు రాస్తాను. తుపాకి ఒక బీరువాలో, తూటాలు వేరే పెట్టెలో, తాళాలు వేరువేరు. భద్రంగా ఉంచుకుంటామని లైసెన్సు అప్పుడే రాసిచ్చాం. నిద్రలో లేచి ఈ రెండు తాళాలూ తీసేసరికి కుక్క, లైటు, అరుపు చేయాల్సింది చేసేస్తాయి. చట్టం కూడా మనుషులు అనుకున్నంత వదులుగా లేదు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34వ సెక్షన్ నుంచి 44 దాకా ఉంది. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి దూరడం, ఉంటున్న ఇంటికి నిప్పు పెట్టడం లాంటివి తీవ్రమైనవిగా అందులో విడిగా చెప్పారు. కానీ అవసరానికి మించి హాని చేయకూడదని, పోలీసుల సాయం తీసుకునే టైం ఉంటే ఆ హక్కు లేదని కూడా అందులోనే ఉంది. స్టార్టరు ఎత్తుకుని పరిగెత్తే మనిషి వీపు మీద కాల్చే హక్కు నాకు లేదు. ఉన్నా కాల్చను. స్టార్టరు మళ్లీ కొనుక్కోవచ్చు.

పందుల కోసం తుపాకి అనుకునే రైతన్నలకు ఒక మాట. వేరుశనగ ఊడల దశలో అడవి పంది ఒక్క రాత్రి దిగితే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, తెల్లారి చేను చూసి ఏడ్చిన వాళ్లను చూశాను. కానీ లైసెన్సు తుపాకి చేతిలో ఉన్నంత మాత్రాన పందిని చంపే అనుమతి వచ్చినట్టు కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది రక్షణ ఉన్న జంతువు, 2023 ఏప్రిల్ నుంచి రెండో షెడ్యూల్లో ఉంది. అటవీ శాఖ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా చంపితే కేసే. చప్పుడుతో బెదరగొట్టడం కొన్నాళ్లే పనిచేస్తుంది, తర్వాత అవి అలవాటు పడతాయి. మా చేనుకు నిలబడి కాపు కాసింది ఇనుప కంచె, మంచె మీద మనిషి. ఇంకొందరు చేసినట్టు కంచెకు కరెంటు మాత్రం పెట్టొద్దు. పంది కోసం వేసిన తీగకు పక్క చేను మనిషి పోయిన ఊళ్లు మన వైపు ఉన్నాయి.

ఎన్నికలొస్తే మా వైపు తుపాకి స్టేషన్లో అప్పజెప్పమంటారు. 2024లో మార్చిలో కోడ్ వస్తే జూన్ 4న లెక్కింపు అయ్యాక గానీ చేతికి రాలేదు. ఎండాకాలం ఆరుబయట పడుకునే రోజులన్నీ తుపాకి లేకుండానే గడిచాయి, ఏమీ కాలేదు. తిరిగొచ్చిన గొట్టం లోపల సన్నగా తుప్పు చుక్కలు కనపడ్డాయి, నాకు చాలా బాధేసింది. ఇచ్చే ముందు గొట్టాలకు నూనె దట్టంగా పట్టించి, రసీదులో తుపాకి నంబరు సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. తోలు సంచిలో పెట్టి ఇవ్వొద్దు, చెమ్మను అదే పట్టి ఉంచుతుంది.

కొనాలా వద్దా అంటే, నా ఇల్లు వేరు, మీ ఇల్లు వేరు. ఊరి మధ్యలో, గోడకు గోడ ఆనుకుని ఇళ్లుంటే నాకైతే తుపాకి ఆలోచనే రాదు. ఇంట్లో తాగి గొడవపడే మనిషి ఉన్నా, అప్పులతోనో పంట పోయో మనసు బాగాలేని మనిషి ఉన్నా, ఉన్న తుపాకిని కూడా ఇంట్లోంచి తీసేయాలి. మా వైపు ఒకింట్లో అన్నదమ్ములు అట్లాగే ముందు చూపుతో డీలర్ దగ్గర పెట్టేశారు, చాలా మంచి పని చేశారు. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చాలనే సరదా ఉన్నవాళ్లు అసలు ముట్టుకోవద్దు. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణతో దానికి రెండేళ్ల దాకా జైలు ఉంది, పైకి పోయిన గుండు ఎక్కడ పడుతుందో కాల్చినవాడికి తెలియదు.

మాలాగా చేలో ఒంటరి ఇల్లు, నేర్పే పెద్దమనిషి, తాళాలు అలవాటైన ఇంటావిడ ఉంటే మాత్రం, నేను మళ్లీ ఈ రకమే తీసుకుంటాను. రెండు గొట్టాలు పక్కపక్కన ఉన్నది, మధ్యకు మడిచేది. పాతది కొనేటట్టయితే అంగట్లోనే ఖాళీ తూటా తొడుగులు రెండు గొట్టాల్లో పెట్టి, మడిచి, ఎక్స్‌ట్రాక్టర్ రెండింటినీ సమంగా ఎత్తుతోందో లేదో చూడండి. చెక్క నునుపు, చెక్కిన పూలు ఆ తర్వాత చూసుకోవచ్చు. లైసెన్సు ఇప్పుడు ఐదేళ్లకు ఇస్తున్నారు, నాది ఈసారి రెన్యువల్ చేయిస్తాను. ఆ పై సారికి పిలకాయల చదువుల కోసం మేం నెల్లూరులో కాపురం పెట్టే ఆలోచన ఉంది, అదే జరిగితే తుపాకిని డీలర్‌కు అప్పజెప్పేస్తాను.