ఎమ్మెస్సీ స్టాట్స్ అయ్యాక ఐఎస్ఎస్సా, డేటా సైన్సా, క్లినికల్ సాసా... ఏది మేలు?

ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఫైనలియర్ చదువుతున్న మా చెల్లి మొన్న ఫోన్ చేసి అక్కా ఇదయ్యాక ఏం చెయ్యమంటావ్ అనడిగింది, నేనూ అదే డిపార్ట్‌మెంట్‌లో చదివిన దాన్నే కదా, దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ఎస్టిమేషన్, శాంప్లింగ్, మల్టీవేరియేట్ అని రెండేళ్ళు కష్టపడి చదివింది ఎక్కడ ఎక్కువ పనికొస్తుందో ముందు అది చూసుకోండి. ఆ లెక్కన ఐఎస్ఎస్‌ని, అంటే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌ని మించింది లేదు. యూపీఎస్సీ పెట్టే ఈ పరీక్షలో రాత పరీక్ష 1000 మార్కులైతే 800 మన సబ్జెక్టే, ఇంగ్లిష్, జనరల్ స్టడీస్ కలిపి 200, ఆపైన ఇంటర్వ్యూకి ఇంకో 200. స్టాటిస్టిక్స్ చదవనివాళ్ళు అసలు అప్లై చెయ్యడానికే లేదు. గ్రూప్ ఏ పోస్టు, బేసిక్ 56,100తో మొదలు. కష్టమంతా పోస్టుల దగ్గరే, 2024 నోటిఫికేషన్‌లో దేశం మొత్తానికి 30 మాత్రమే ఇచ్చారు. అందుకే ఇంట్లోవాళ్ళు మీ సంపాదన కోసం రెండేళ్ళు ఆగగలిగితేనే దీనికి కూర్చోండి. అదే ప్రిపరేషన్‌తో ఆర్బీఐ వాళ్ళ స్టాటిస్టిక్స్ విభాగం (డీఎస్ఐఎం) ఆఫీసర్ పరీక్ష కూడా రాయొచ్చు, పీజీలో 55 శాతం ఉండాలి.

డేటా సైన్స్‌లో జీతం త్వరగా పెరుగుతుంది నిజమే, కానీ అక్కడ మనం బీటెక్ వాళ్ళ పక్కనే లైన్లో నిలబడాలి. నన్ను ఇంటర్వ్యూలో గంటసేపు కోడింగే, అంటే ఎస్‌క్యూఎల్ జాయిన్లూ పైథానే అడిగారు, మనం ఎస్టిమేషన్‌లో చదివే రావ్-బ్లాక్‌వెల్ థీరమ్ ఊసే రాలేదు (ఆ రావ్ అంటే సి.ఆర్.రావు గారే, ఆయన మన ఏయూలోనే మ్యాథ్స్ చదివారు, ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ గర్వంగా ఉంటుంది). ఉద్యోగంలో చేరాక మాత్రం శాంపిల్ ఎక్కడ తేడా కొట్టిందో మనకే ముందు తెలుస్తుంది.

వెంటనే సంపాదించాల్సిన వాళ్ళకి నేను చెప్పేది క్లినికల్ సాస్, అంటే సాస్ (SAS) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌తో చేసే పని. మందుల ట్రయల్స్ డేటాని ఎస్‌డీటీఎం, ఏడామ్ అనే స్టాండర్డ్ పద్ధతుల్లో పెట్టి టేబుల్స్ తియ్యడం పని, ఎమ్మెస్సీ స్టాట్స్‌కి ఇక్కడ నిజంగా విలువుంది. వైజాగ్ పక్కన పరవాడ ఫార్మా సిటీ దగ్గరే ఉందిగా అనుకోకండి, అక్కడ ఎక్కువగా తయారీ ప్లాంట్లే, ఈ ఉద్యోగాలకి హైదరాబాదో బెంగుళూరో వెళ్ళాల్సిందే. ఫ్రెషర్‌గా మొదటి ఉద్యోగం దొరకడమే కష్టం, అలాగని ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం అనేవాళ్ళ జోలికి మాత్రం దయచేసి వెళ్ళొద్దు, వెరిఫికేషన్‌లో దొరికితే ఉన్న పేరు కూడా పోతుంది. నేర్చుకునేవాళ్ళ కోసం సాస్ ఆన్‌డిమాండ్ ఫర్ అకడెమిక్స్ అని ఆన్‌లైన్‌లో ఫ్రీగా వస్తుంది, ముందు దాంట్లో చేసి చూసి నచ్చితేనే కోచింగ్‌కి ఫీజు కట్టండి.

లెక్చరర్ లైను పాఠం చెప్పడం ఇష్టమున్నవాళ్ళకే, నెట్టో సెట్టో (లెక్చరర్ అర్హత పరీక్షలు) కొట్టాలి.

మా నాన్న రిటైరవ్వడానికి ఇంకా నాలుగేళ్ళుంది కాబట్టి చెల్లిని రెండుసార్లు ఐఎస్ఎస్ రాయమన్నా, సాయంత్రం పూట ఓ గంట సాస్ కూడా చెయ్యమన్నా. సరే అక్కా, రేపట్నుంచి పొద్దున్నే ఏయూ వి.ఎస్.కృష్ణా లైబ్రరీకి వెళ్తా అంది.