తీర్థన్ లోయ: నది పక్కనా, జిభీలోనా, కొండ మీది ఊళ్ళోనా?

హిమాచల్ ప్రదేశ్ కుల్లూ జిల్లాలోని తీర్థన్ లోయకు వెళ్ళొచ్చామని తెలిస్తే చాలు, అందరూ అడిగేది ఒకటే: ఎక్కడ దిగాలి అని. మేం జిభీలో ఉన్నాం, గుశైనీ దగ్గర నది ఒడ్డున ఉన్నాం, ఆ పైన కొండ మీద ఓ చిన్న ఊళ్ళో కూడా ఉన్నాం. నన్నడిగితే మొదటి రెండింటికీ ఒక్కో రాత్రి చాలు. మిగతా రోజులన్నీ పైన ఊళ్ళో పెట్టుకోండి. అది ఎవరికి కుదురుతుందో, ఎవరికి కుదరదో కూడా చెప్తాను.

ముందు దారి సంగతి. ఢిల్లీ నుంచో చండీగఢ్ నుంచో మనాలీ వెళ్ళే రాత్రి బస్సెక్కి, ఔట్ అనే ఊరి దగ్గరి సొరంగం మొదట్లోనే దిగిపోవాలి. కండక్టర్‌కి రాత్రే చెప్పి ఉంచండి. తెల్లవారుజామున కునుకు పట్టిందంటే దాదాపు మూడు కిలోమీటర్ల సొరంగం దాటి అవతల తేలతారు. సొరంగంలోకి వెళ్ళకుండా కుడివైపు తిరిగితే లార్జీ, తర్వాత బంజార్, అక్కడి నుంచి ఇంకో పది కిలోమీటర్లు గుశైనీ. టాక్సీ అతను ఔట్‌లో ఒక రేటు చెప్పి దారిలో ఇంకో రేటు అడిగాడు, కాబట్టి దిగేచోటు పేరుతో సహా ముందే ఖరారు చేసుకోండి. తిరుగు ప్రయాణంలో హిమాచల్ ఆర్టీసీ బస్సులో వచ్చాం, నాకు అదే నచ్చింది. ఆ బస్సు మనుషుల్నే కాదు, ఊళ్ళ సరుకులన్నీ మోస్తుంది. ఓ మలుపు దగ్గర డ్రైవర్ ఆపి, రోడ్డు పక్కన నిలబడ్డ పిల్లాడి చేతికి మందుల కవరు అందించాడు. ఇంకోచోట ఎవరూ ఎక్కలేదు, ఒక్క ఆపిల్ పెట్టె మాత్రం ఎక్కింది. దింపాల్సిన ఊరు కండక్టర్‌కి తెలుసు.

జిభీ అందమైన ఊరే. చెక్క కాటేజీలు, కేఫ్‌లు, చిన్న జలపాతం, దేవదారు చెట్లు. జలోరీ కనుమ (3,120 మీటర్లు), అక్కడి నుంచి నడిచి వెళ్ళే సేరోల్‌సర్ సరస్సు చూడాలంటే ఇక్కడ ఉండడమే సుఖం. అయితే శని, ఆదివారాల్లో చండీగఢ్, ఢిల్లీ కార్లన్నీ ఆ ఇరుకు రోడ్డు మీదే ఉంటాయి. హోటళ్ళ మధ్య ఊరెక్కడుందో వెతుక్కోవాలి. నది పక్కన గుశైనీ దీనికంటే నయం. తీర్థన్ నీళ్ళు రాయి రాయీ కనిపించేంత తేటగా ఉంటాయి. ట్రౌట్ చేప తాజాగా దొరుకుతుంది. మేం దిగిన క్యాంపులో గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, కానీ పక్క టెంట్ల వాళ్ళు అర్ధరాత్రి దాకా పాటలు పెట్టారు, యజమాని ఆపించలేదు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: లోయ అడుగున ఎండ ఆలస్యంగా వస్తుంది, తొందరగా పోతుంది. అక్టోబరులో మధ్యాహ్నం మూడు దాటగానే స్వెట్టర్ వెతుక్కున్నాం.

పాత ఊళ్ళన్నీ కొండవాలు మీద ఎందుకున్నాయో పైకి వెళ్ళాక అర్థమైంది. అక్కడ ఎండ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటుంది. మొక్కజొన్న ఎండాలన్నా, గడ్డి ఎండాలన్నా, ముసలివాళ్ళు చలికి తట్టుకోవాలన్నా ఆ ఎండే ఆధారం. నదికి దూరంగా ఉంటే వరద భయమూ ఉండదు. 2023 జులైలో కుల్లూ జిల్లా నదులు ఎలా పొంగాయో చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఊళ్ళో రెండే హోమ్‌స్టేలు ఉన్నాయి. ఊరి పేరు చెబితే ఇంటివాళ్ళ పేరు చెప్పినట్టే కాబట్టి చెప్పడం లేదు. గుశైనీ చుట్టుపక్కల కొండల మీద ఇలాంటి ఊళ్ళు చాలానే ఉన్నాయి, కింద టీ కొట్లో అడిగితే చెప్తారు. మేం ఉన్నది పాత పద్ధతి ఇల్లు. వీటిని కాఠ్‌కుణీ ఇళ్ళంటారు. ఒక వరస దేవదారు దూలాలు, ఒక వరస రాళ్ళు, మధ్యలో సిమెంటు లేదు, మట్టి లేదు. దూలాలు మూలల దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. భూకంపం వచ్చినా గోడ కాస్త కదిలి మళ్ళీ సర్దుకుంటుందట. బంజార్ దగ్గరి చెహ్నీ కోఠీ అనే ఎత్తైన బురుజు ఈ పద్ధతిలో కట్టిందే. 1905 కాంగ్రా భూకంపంలో పై అంతస్తులు పోయినా మిగతాది ఇప్పటికీ నిలబడి ఉంది. శృంగ రుషి గుడి నుంచి కాస్త ఎక్కుడు దారి, లోపలికి వెళ్ళనివ్వరు. అయినా తప్పకుండా చూడండి.

మేం ఉన్న ఇంట్లో కింది అంతస్తు ఆవులకి, గొర్రెలకి. పై అంతస్తులో చుట్టూ చెక్క వరండా, దాని వెనక గదులు. మాకిచ్చిన గదిలో రెండు మంచాలు, బరువైన రజాయిలు, ఒక బల్బు. మరుగుదొడ్డి బయట పది మెట్లు దిగితే ఉంది, శుభ్రంగా ఉంది. స్నానానికి కట్టెల మీద కాచిన నీళ్ళు, బకెట్. కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఫోన్ సిగ్నల్ వరండాలో ఒక మూల మాత్రమే. మూడు పూటలా భోజనంతో మనిషికి రోజుకి 1,200 రూపాయలు తీసుకున్నారు. నది పక్కన భోజనం లేకుండానే అంతకు రెట్టింపు ఇచ్చాం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే మాత్రం పైకి వద్దు. రోడ్డు నుంచి ముప్పావు గంట నిట్టనిలువు ఎక్కుడు, డోలీల్లాంటివేమీ లేవు.

వంట గది పై అంతస్తులో, మధ్యలో ఇనప తందూర్ పొయ్యి. దాని గొట్టం కప్పులోంచి బయటకు పోతుంది. రాత్రి ఇల్లంతా దాని చుట్టూ చేరుతుంది. రాజ్మా, అన్నం, పొద్దున్న రొట్టెలు. ఒక రోజు సిడ్డూ చేశారు. పులియబెట్టిన గోధుమపిండిలో అక్రోటు పప్పు ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికించి, మధ్యకి కోసి నెయ్యి పోసి ఇస్తారు. కారం అలవాటైన నాలుక మొదటి రోజు పచ్చడి కోసం వెతుక్కుంది, రెండో రోజు నుంచి వెతుక్కోలేదు. మా వారైతే సిడ్డూ కోసమే మళ్ళీ వస్తానన్నారు.

అవి అక్రోట్లు రాల్చే రోజులు. పొడుగు కర్రతో మగవాళ్ళు కొమ్మలు కొడుతుంటే ఆడవాళ్ళు కింద ఏరి, పచ్చి తొక్క ఒలిచి, డాబా మీద ఆరబోసేవాళ్ళు. నేనూ కూర్చున్నాను. ఆ తొక్క రసం తగిలితే వేళ్ళు ముందు పసుపు, సాయంత్రానికి ముదురు గోధుమ రంగు, మర్నాటికి నల్లగా అవుతాయి. సబ్బుకు పోదు. "హైదరాబాద్ వెళ్ళాక కూడా మేం గుర్తుంటాం బేటీ" అని ఇంటి పెద్దావిడ నవ్వింది. ఆవిణ్ణి అందరూ అమ్మా జీ అనే పిలుస్తారు, మేమూ అదే పిలిచాం.

నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది ఊళ్ళో పని జరిగే తీరు. మేం ఉండగా ఒక ఇంటి పైకప్పు మార్చారు. అక్కడ కప్పులకి నల్లటి రాతి పలకలు వేస్తారు. చలికాలం మంచు పడేలోపు పగిలినవి తీసి కొత్తవి వేసుకోవాలి. తెల్లారేసరికి ఇంటికొకరు చొప్పున వచ్చేశారు. కింద నుంచి కప్పు దాకా మనుషుల వరస. పలక ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పైకి పోతోంది. ఎవరూ కేకలు వెయ్యడం లేదు. ఒక్కో పలక అందుకునేటప్పుడు ముందు అంచు చూసుకుని, వేళ్ళు నలగకుండా అడుగున అరచెయ్యి పెడుతున్నారు. మా వారు కాసేపు వరసలో నిలబడ్డారు. కూలి లేదు. ఇంటివాళ్ళు అందరికీ భోజనం పెడతారు, టీ మీద టీ ఇస్తారు. రేపు ఇంకొకరి గడ్డి కొయ్యాలన్నా, పెళ్ళికి కట్టెలు మోయాలన్నా వీళ్ళూ వెళ్ళాలి. మన పల్లెల్లో నాట్లకి బదులు పనులకి వెళ్ళేవాళ్ళని మా అమ్మమ్మ చెప్పేది, నేను కళ్ళారా చూసింది ఇక్కడే. ఎవరికి ఎన్ని రోజులు బాకీ అన్నది కాగితం మీద లేదు. అమ్మా జీకి నోటికి వచ్చు.

కాగితం మీద ఉండేది ఆడవాళ్ళ పొదుపు లెక్క. ఈ కొండల వెనకే గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ మొదలవుతుంది, 754 చదరపు కిలోమీటర్లు. 1984లో ఆలోచన మొదలై, 1999లో తుది నోటిఫికేషన్ వచ్చింది. దాంతో లోపల గొర్రెలు మేపుకోవడం, మందు వేర్లు తవ్వుకోవడం, గుచ్ఛీ పుట్టగొడుగులు ఏరుకోవడం ఆగిపోయాయి. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. బయటివాళ్ళకి అది గొప్ప వార్త. ఈ ఊళ్ళకి మాత్రం, తాతల నాటి పచ్చిక బయళ్ళు చేజారాక ఎలా బతకాలన్న ప్రశ్నకి జవాబు వెతుక్కునే కాలం అది. అడవిలో మేత ఆగిపోయిన ఆ రోజుల్లోనే పార్కు పక్క ఊళ్ళలో ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచే గ్రూపులు పెట్టుకున్నారు. మన డ్వాక్రా గ్రూపుల్లాగే అందులోంచి అందులోకే అప్పులు. మేం కప్పుకున్న రజాయిలు మేం దిగిన ఇంటి కోడలు అలా అప్పు తీసుకుని కొన్నవే. అప్పు తీరిందని ఎంత సంతోషంగా చెప్పిందో!

అమ్మా జీ పెద్ద కొడుకు ఇప్పుడు గైడు. చిన్నప్పుడు తండ్రి వెనక గొర్రెలతో పైకి వెళ్ళినవాడు కాబట్టి దారులన్నీ పాదాలకి తెలుసు. పార్కులోకి వెళ్ళాలంటే పర్మిట్ కావాలి, సాయీ రోపాలోని పార్కు కేంద్రంలో ఇస్తారు. రోపా అని ఇంకో చోటు ఉంది, అది గుశైనీ నుంచి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు నడిచి వెళ్తే వచ్చే పార్కు గేటు. రెండూ కలగాపులగం చేసుకోకండి. గేటు దాటాక కాస్త దూరంలో రోలా అనే క్యాంపు. పొద్దున్నే బయలుదేరితే చీకటి పడేలోపు తిరిగి రావచ్చు. దారంతా నది పక్కనే, చెక్క వంతెనల మీదుగా. నీళ్ళ మధ్య రాళ్ళ మీద తెల్ల నెత్తి, ఎర్ర తోక ఉన్న పిట్టలు తోకాడిస్తూ కనిపిస్తాయి. జుజురాణా అని ఇక్కడివాళ్ళు పిలిచే హిమాచల్ రాష్ట్ర పక్షిని చూడాలంటే ఇంకా లోపలికి, ఇంకా పైకి వెళ్ళాలి. అంత పెద్ద ట్రెక్ పెట్టుకుంటే సిటీ ఏజెంట్ల ద్వారా కాకుండా ఊళ్ళోవాళ్ళతోనే మాట్లాడుకోండి. మేం ముందు ఫోన్లో కనుక్కున్న ఏజెంటు చెప్పిన రేటుకీ, ఊళ్ళో గైడుకి చేతిలో పడేదానికీ చాలా తేడా ఉంది. గైడు, వంటమనిషి, సామాను మోసేవాళ్ళు ఈ ఊరివాళ్ళే అయినప్పుడు మధ్యలో ఆ డబ్బు ఎందుకు పోవాలి? ఈ ఊళ్ళో గైడ్లు వంతులవారీగా వెళ్తారు. ఫలానా అతనే కావాలని పట్టుబట్టకపోతే మంచిది.

ఊరి మధ్యలో దేవత గుడి. దేవత అంటే గర్భగుడిలో ఉండిపోయే దైవం కాదు. ఊరి పెద్దల్లో ఒకరు. ఎప్పుడు కోతలు మొదలెట్టాలి, తగాదా ఎలా తీర్చాలి అన్నవి కూడా పూనకం వచ్చే గూర్ ద్వారా దేవతనే అడుగుతారు. విజయదశమి రోజు మొదలై ఏడు రోజులు జరిగే కుల్లూ దసరాకి జిల్లా నలుమూలల నుంచి దేవతలు పల్లకీల్లో ఢాల్‌పూర్ మైదానానికి వస్తారు. అవి మోసేవాళ్ళు, వాయించేవాళ్ళు, అక్కడ వండేవాళ్ళు అందరూ ఇంటి వంతు ప్రకారం వెళ్ళాల్సిందే. గుడి అరుగు మీదికి చెప్పులతో గానీ తోలు బెల్టుతో గానీ వెళ్ళకండి. అడగనిదే ఏదీ ముట్టుకోకండి.

ఒక విషయం మాత్రం నాకు బాధ కలిగించింది. దేవత ముందు డోలు, నగారా వాయించే కుటుంబాలు గుడి లోపలికి వెళ్ళవు. కప్పు పని రోజు భోజనాల్లోనూ వాళ్ళు వేరే వరసలో కూర్చున్నారు. మొదటి రోజు మా కులం కూడా అడిగారు, మర్యాదగానే అడిగారు. నేను చెప్పలేదు, మళ్ళీ అడగలేదు. ఆ ఇంటి ఆప్యాయత ఎంత నిజమో ఇదీ అంతే నిజం. వెళ్ళేవాళ్ళు తెలుసుకునే వెళ్ళాలి.

ఇంకో జాగ్రత్త నిప్పు. ఇళ్ళన్నీ చెక్కవి, పక్కపక్కనే ఉంటాయి, డాబాల నిండా ఎండు గడ్డి. ఫైరింజను పైకి రావడం కుదరదు. జిభీ దగ్గరి తాందీ గ్రామం 2025 జనవరి 1న ఎలా కాలిపోయిందో ఇక్కడ పిల్లలు కూడా చెప్తారు. వరండాలో సిగరెట్ వద్దన్నారంటే అతిథి మీద పెత్తనం కాదు. గదిలో కరెంటు హీటర్ అడక్కండి.

డబ్బు బంజార్‌లోనే తీసుకుని పైకి వెళ్ళండి. సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌పే పనిచెయ్యదు. మందులూ అంతే. ప్రభుత్వాసుపత్రి ఉన్నది బంజార్‌లో. జులై, ఆగస్టుల్లో కొండ చరియలు విరిగిపడతాయి, వెళ్ళొద్దు. సెప్టెంబరు చివర నుంచి నవంబరు మొదటి దాకా అన్నిటికంటే మంచి కాలం. చలికి భయపడనివాళ్ళు ఫిబ్రవరి, మార్చి మధ్య వచ్చే ఫాగ్లీ పండగకి వెళ్ళొచ్చు. ముసుగులు పెట్టుకుని, గడ్డి బట్టలు కట్టుకుని ఊరంతా ఆడతారు. ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ చుట్టాలొస్తారు కాబట్టి గది దొరకడం కష్టం. నెల ముందే ఫోన్ చేసి, దారిలో మంచు ఎంతుందో కూడా ఇంటివాళ్ళనే అడిగి బయలుదేరండి.