బార్బర్ మ్యూజియంలో మోటోక్రాస్ బండ్లు: ఒక అభిమాని సమీక్ష

అట్లాంటా నుంచి ఐ-20 రహదారి మీద పడమరగా రెండు గంటలకు పైగా ప్రయాణిస్తే, బర్మింగ్‌హామ్ నగరం ఇంకా రాకముందే, అలబామా రాష్ట్రపు చెట్ల మధ్య బార్బర్ వింటేజ్ మోటార్‌స్పోర్ట్స్ మ్యూజియం వస్తుంది. అలబామా గడియారం జార్జియా కంటే ఒక గంట వెనక ఉంటుంది కనుక ఉదయాన్నే బయలుదేరినవారికి ఆ గంట కలిసివస్తుంది. ఇక్కడ అది తప్పకుండా అక్కరకు వస్తుంది.

పాల వ్యాపారం చేసిన కుటుంబానికి చెందిన జార్జ్ బార్బర్ 1960లలో పోర్షే కార్లతో పందేలు ఆడిన వ్యక్తి. మొదట కార్లు సేకరించి, తరువాత మోటార్‌సైకిళ్ల వైపు మళ్లారు. రేస్ ట్రాక్‌ను ఆనుకుని ఉన్న ఇప్పటి అయిదంతస్తుల భవనం 2003లో తెరుచుకుంది. ప్రపంచంలోనే అతి పెద్ద మోటార్‌సైకిల్ మ్యూజియంగా 2014లో గిన్నిస్ గుర్తింపు లభించింది. ఇంత సేకరణలో రోడ్డు బండ్లు, రోడ్ రేసింగ్ బండ్లు ఎన్నో ఉన్నా, నేను వెళ్లింది మాత్రం మోటోక్రాస్ (మట్టి, గుంతల దారిలో సాగే పందెం) బండ్ల కోసమే కాబట్టి వాటి గురించే రాస్తున్నాను.

నాతో మా నాన్నగారు వచ్చారు. గుంటూరులో ఏళ్ల తరబడి యెజ్డీ నడిపిన ఆయన, 1960ల నాటి చెక్ దేశపు సీజెడ్ మోటోక్రాస్ బండి ముందు ఆగి, ఇంజన్ వైపు వంగి, "ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు! ఇది మన యెజ్డీకి పెద్దన్నలా ఉందే" అన్నారు. ఆ మాట పొరపాటేమీ కాదు. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం చెక్ దేశపు జావా సంస్థ సాంకేతికతతోనే బండ్లు తయారుచేసింది, ఆ జావాకు సీజెడ్ తోబుట్టువు వంటిది. బెల్జియంకు చెందిన జోయెల్ రోబెర్ 1964, 1968, 1969 సంవత్సరాల్లో 250 సీసీ ప్రపంచ టైటిళ్లు గెలిచింది సీజెడ్ మీదే. పాల్ ఫ్రెడ్రిక్స్ 1966 నుంచి వరుసగా మూడేళ్లు 500 సీసీ టైటిల్ గెలిచి, అప్పటిదాకా బరువైన ఫోర్-స్ట్రోక్ (పిస్టన్ నాలుగు కదలికలకు ఒకసారి శక్తినిచ్చే ఇంజన్) బండ్లదే అనుకున్న ఆ తరగతిని టూ-స్ట్రోక్ (రెండు కదలికలకే శక్తినిచ్చే తేలిక ఇంజన్) వశం చేసింది కూడా సీజెడ్ మీదే. మన వీధుల్లో ఒకప్పుడు వినిపించిన ఆ చప్పుడు వెనుక ఇంతటి పందేల చరిత్ర ఉందని తెలిసి నాన్నగారు చాలాసేపు అక్కడి నుంచి కదలలేదు.

స్వీడన్ కంపెనీ హుస్క్‌వర్నా బండ్ల దగ్గర నేనూ అలాగే నిలబడిపోయాను. ఎడిసన్ డై అనే అమెరికా దిగుమతిదారు 1966లో స్వీడన్ నుంచి టోర్‌స్టెన్ హాల్‌మన్ అనే రైడర్‌ను రప్పించి పందేల్లో దింపినప్పుడు, ఆ తేలికపాటి టూ-స్ట్రోక్ బండి వేగం చూశాకే అమెరికన్లకు మోటోక్రాస్ మీద అసలైన మోజు పుట్టింది.

జపాన్ బండ్ల వద్దకు వచ్చాక, కర్మాగారాలు తమ రైడర్ల కోసం ప్రత్యేకంగా చేసిన ప్రోటోటైపులకూ దుకాణంలో అమ్మిన బండ్లకూ ఉన్న దూరం మనసులో పెట్టుకుని చూడాలి. సుజుకీ తన రైడర్లకు ఇచ్చిన బండ్లు ఎంత తేలికగా ఉండేవంటే, 1970 నుంచి 1972 దాకా రోబెర్ వాటి మీద టైటిళ్లు గెలుచుకుంటూ పోగా, 1973లో అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య కనీస బరువును నిర్ణయించవలసి వచ్చింది. టూ-స్ట్రోక్ అంటే గిట్టని సోయిచిరో హోండా కంపెనీ నుంచి వచ్చిన ఎల్సినోర్ సీఆర్250ఎం మాత్రం ఈ దూరాన్ని బాగా తగ్గించింది. క్రోమ్‌మోలీ (తేలికైన, గట్టి ఉక్కు మిశ్రమం) ఫ్రేమ్, అల్యూమినియం ట్యాంకు ఉన్న బండిని మామూలు కొనుగోలుదారుకు అమ్మడం 1973లో చిన్న సంగతి కాదు. ఆ వెండిరంగు ట్యాంకును దగ్గరగా చూసినప్పుడు, నా అభిప్రాయంలో మోటోక్రాస్ చరిత్రలో ఇంతకంటే అందమైన బండి లేదనిపించింది.

యమహా మోనోషాక్ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. బెల్జియన్ ఇంజనీరు లూసియెన్ టిల్కెన్స్ ఆలోచన ప్రకారం, వెనుక చక్రానికి రెండు పక్కలా ఉండే షాకబ్జార్బర్లను తీసేసి, ట్యాంకు కింద పొడుగ్గా పడుకోబెట్టిన ఒకే ఒక్కదాన్ని, వెనుక చక్రాన్ని పట్టి ఉంచే త్రికోణాకారపు స్వింగ్‌ఆర్మ్‌కు కలిపారు. చక్రం పైకీ కిందికీ కదిలే దూరం పెరగడంతో, గుంతల్లో ఎగిరిపడే బండి నేలను వదలకుండా దూసుకుపోగలిగింది. హాకన్ ఆండర్సన్ 1973లో ఈ ఏర్పాటుతోనే 250 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచారు. 2008లో మన దేశంలో యమహా ఎఫ్‌జెడ్ విడుదలైనప్పుడు దాని ఒంటి షాకబ్జార్బర్‌కు ప్రకటనల్లో వినిపించిన 'మోనోక్రాస్' అన్న పేరు పుట్టింది ఈ మోటోక్రాస్ మట్టిలోనే.

అమెరికాలో 1986 నుంచి కర్మాగారపు ప్రత్యేక బండ్లను జాతీయ పందేలకు అనుమతించకపోవడం వల్ల, ఆ తరువాతి ప్రోటోటైపు కథలు అరుదుగానే ఉంటాయి. ప్రత్యేక అనుమతితో దిగిన యమహా ఫోర్-స్ట్రోక్ ప్రోటోటైపు వైజెడ్ఎం400ఎఫ్ మీద డగ్ హెన్రీ 1997లో లాస్ వేగాస్ సూపర్‌క్రాస్ (స్టేడియంలో జరిగే మోటోక్రాస్ పందెం) గెలవడం, ఫోర్-స్ట్రోక్ బండ్లు తిరిగి రాజ్యమేలడానికి అదే నాంది కావడం ఆ అరుదైన వాటిలో ఒకటి.

వెళ్లాలనుకునేవారు ఈ కథలను కొంతైనా ముందుగా చదువుకుని వెళ్లండి, అప్పుడు ప్రతి వెల్డింగ్ అతుకూ మాట్లాడుతుంది. ప్రదర్శనలో ఉంచే బండ్లు మారుతూ ఉంటాయి కాబట్టి ఫలానా బండి కోసమే వెళ్తున్నవారు ముందుగా కనుక్కోవడం మంచిది. బండ్లను కేవలం తుడిచి నిలబెట్టకుండా, మరమ్మతుశాల నడుపుతూ వాటిని స్టార్టయ్యే స్థితిలో ఉంచడానికి పాటుపడటమే ఈ మ్యూజియంలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. వీలైతే అక్టోబరులో జరిగే వింటేజ్ ఫెస్టివల్ రోజుల్లో వెళ్లండి. అప్పుడు పాత విడిభాగాల సంత కూడా ఉంటుంది. నాన్నగారు ఇప్పటికే తన యెజ్డీకి కావలసిన వస్తువుల జాబితా రాసి పెట్టుకున్నారు.