సముద్రపు బ్యాక్టీరియా ప్రాజెక్టుకు ఏది మేలు: ప్లేటా, సీక్వెన్సింగా?

వరంగల్‌కు సముద్రం లేదు. అయినా ఇక్కడ మైక్రోబయాలజీ చదివేవాళ్లలో ఎవరో ఒకరికి సముద్రపు బ్యాక్టీరియా మీద మనసు పడుతుంది. రైలెక్కితే విజయవాడ మీదుగా బాపట్ల, అక్కడికి దగ్గర్లోనే సూర్యలంక. ఐస్ పెట్టెలో నీళ్లు, బురద తెచ్చుకోవచ్చు. టెన్షన్ తెచ్చిన తర్వాతే. అగార్ అనే పోషకాల జెల్లీ పోసిన ప్లేట్ల మీద పెంచాలా, నీళ్లలోంచి నేరుగా డీఎన్‌ఏ తీసి సీక్వెన్సింగ్‌కు, అంటే దాని అక్షరాల వరుస చదివించడానికి, పంపాలా?

డీఎన్‌ఏ దారిలో పని త్వరగా తెములుతుంది. పైగా ప్లేటుకు లొంగనివీ దొరుకుతాయి. సముద్రపు బ్యాక్టీరియాలో మామూలు ప్లేటు మీద పెరిగేవి సాధారణంగా నూటికి ఒకటి కూడా ఉండవు. ఎస్‌ఏఆర్11 అనే గుంపునే చూడండి. సముద్రాల్లో అతి ఎక్కువగా ఉండే బ్యాక్టీరియాల్లో అదొకటి. 1990లో సార్గాసో సముద్రపు నీటి డీఎన్‌ఏలో దాని ఆనవాలు దొరికింది. ల్యాబ్‌లో పెంచగలిగింది మాత్రం 2002లో, అదీ అగార్ మీద కాదు, పోషకాలు దాదాపు కలపని సముద్రపు నీటిలో.

ఇంత చెప్పినా నా ఓటు ప్లేటుకే. మేడారం జాతరకు ఎంతమంది వచ్చారో సెల్‌ఫోన్ టవర్ లెక్కలు చూసి చెప్పడం వేరు, ఒక మనిషిని ఆపి ఊరూ పేరూ అడగడం వేరు. కొత్త జాతికి చెల్లుబాటయ్యే పేరు పెట్టాలంటే అంతర్జాతీయ నియమావళి బతికున్న కల్చర్‌నే, అంటే ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియానే, అడుగుతుంది. దాన్ని రెండు వేర్వేరు దేశాల కల్చర్ కలెక్షన్లలో దాచాలి. జీనోమ్‌నే (మొత్తం డీఎన్‌ఏ వరుసనే) ఆధారంగా తీసుకునే సీక్‌కోడ్ అనే మరో నియమావళి 2022లో వచ్చింది కానీ, దాని దారి వేరు.

ప్లేటుతో చిక్కల్లా మన తొందరే. సముద్రపు బ్యాక్టీరియాకు మామూలుగా వాడే జోబెల్ మెరైన్ అగార్‌లో లీటరుకు 5 గ్రాముల పెప్టోన్, 1 గ్రాము ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఉంటాయి. సముద్రపు నీటిలో కరిగి ఉండే సేంద్రియ కార్బన్ లీటరుకు సుమారు 1 మిల్లీగ్రామే. అంత విందు పెడితే దూకుడుగా పెరిగేవే ప్లేటంతా ఆక్రమిస్తాయి. పోషకాలు పదో వంతుకు తగ్గించండి, ఉప్పు మాత్రం తగ్గించకండి. రెండో రోజున కాలనీలు లెక్కపెట్టి ప్లేటు పారేయకుండా పారాఫిల్మ్ అనే సాగే మైనపు పొర చుట్టి, కవర్లో పెట్టి మూడు నాలుగు వారాలు ఆగండి. గుండుసూది మొనంత నారింజ, గులాబీ చుక్కలు అప్పుడు కనబడతాయి. మన ఎండాకాలంలో అగార్ ఎండిపోయి ఉప్పు పలుకులు తేలతాయి, అవీ అచ్చం కాలనీల్లాగే ఉంటాయి. లూప్‌తో (కొసన చుట్ట ఉన్న సన్నని తీగతో) గీకితే తెలిసిపోతుంది.

ఇక గుర్తింపు. బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువు పొడవు సుమారు 1,500 డీఎన్‌ఏ అక్షరాలు. దగ్గరి బంధువుతో పోలిక 98.7 శాతం కంటే తక్కువైతే కొత్త జాతి అని ఆశపడొచ్చు. పాత థీసిస్‌లలోని 97 శాతం పట్టుకుని కూర్చోకండి. పోలిక 98.7 కంటే ఎక్కువ ఉన్నంత మాత్రాన పాత జాతేనని కాదు. విబ్రియో హార్వీయి, విబ్రియో క్యాంప్‌బెల్లీయి 16ఎస్‌లో దాదాపు ఒకటే. అక్కడ తేల్చేది మొత్తం జీనోమ్ పోలిక, దాని గీత 95–96 శాతం. ఖర్చు చూసుకుంటే 16ఎస్ అన్నిటికీ, జీనోమ్ ఆశ కలిగించిన ఒకటి రెండింటికే.

మీ ప్రశ్న కొత్త జాతి గురించి కాకుండా, రొయ్యల చెరువుల నీళ్లు కలిసే చోట బ్యాక్టీరియా గుంపులు ఎలా మారాయన్నదైతే ప్లేట్ల జోలికి పోకండి, డీఎన్‌ఏకే డబ్బు పెట్టండి.